ఆఖరి దెబ్బ ఆపుకున్న చిడతలు

నేను ఒక చిడతల జతను. పనసచెక్క ఒళ్ళు, ఇత్తడి బిళ్లలు. యానాంలో నూకరత్నం పుదుచ్చేరి ప్రయాణానికి సంచి సర్దుకుంటుంటే, వాళ్ళ నాన్న దాలయ్య నన్ను తెల్లచీరల మధ్య దూర్చాడు. పడవలో తడుస్తానేమోనని నాకు ఒకటే బెంగ. అది తెలిసినట్టు ఆయన తన తువ్వాలు చుట్టాడు. ఆ చేతులు చల్లగా ఉండాలి.

నన్ను చేయించింది శనివారం భజనలకి. రత్నం భర్త పోయి పుట్టింటికి వచ్చాక నాకు రెండో పని దొరికింది. ఆమె చిన్నప్పుడు ఫ్రెంచి బడిలో చదివింది. పుదుచ్చేరిలో పెట్టే పంతులమ్మ పరీక్షలో ఫ్రెంచి పైకి చదివి ఒప్పిస్తే కొలువు. లేదంటే అత్తవారింట్లో చాకిరీకి తిరిగి పోవాలి. రమ్మని వాళ్ళు అప్పుడే కబురు పెట్టారు.

మాటను ముక్కలు చేసి పలుకుతాను, ముక్కకొక దెబ్బ వెయ్యమని తండ్రిని అడిగింది. ఫ్రెంచి రాని మనిషికీ, ఫ్రెంచి రాని చెక్కకీ ఆ పని అప్పగించడం మనుషులకే తోస్తుంది. 'శాపో' అంటే టోపీ. రెండు దెబ్బలు, బాగానే కుదిరింది. 'ఎకోల్' అంటే బడి. ఎ, కోల్. అదీ రెండే. కానీ చరణం చివర ఒక దెబ్బ వేసి ముగించడం దాలయ్యకు భజనలో అలవాటు. మూడోది పడేది. దానికి తగ్గట్టు రత్నం నోట 'ఎకోలు' వచ్చేది.

"నాన్నా, చివర కొట్టకు. నువ్వు కొడితే నా నోరు ఆగట్లేదు."

"కొట్టకపోతే దేవుణ్ణి వీధిలో వదిలేసి వచ్చినట్టుంటదే."

"ఇందులో దేవుడు లేడు. బడి ఉంది."

"బడికి మాత్రం తలుపెయ్యొద్దా?"

పుట్టింటికి వచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు.

ఆ తరువాత ఆయన ఆఖర్న నా చెక్కల మధ్య వేలు అడ్డం పెట్టేవాడు. వేలు కందేది, మాట నిలిచేది. ఆ శనివారం భజనలోనూ అలాగే చేస్తే, "ఏం బావా, పాట సగంలో వదిలేశావ్?" అని పక్కవాళ్ళు దెప్పారు.

పరీక్షలో రత్నం నన్ను ఒళ్ళో పెట్టుకుని, తన వేలు నా మధ్య ఉంచి చదివింది. మాటలు ఆగవలసిన చోట ఆగాయి. పరీక్ష పెట్టిన దొరసాని ఇంకో పేజీ చదవమంది, వినాలనిపించి.

కొలువు కారైకాల్‌లో ఇచ్చారు. అక్కడి పిల్లలు తమిళంలో అల్లరి చేసి, నా మోతకు ఫ్రెంచి పలికేవారు. ఇప్పుడు ఆ బడి బీరువాలో ఉన్నాను. చెక్కగా పుట్టి ఇంతమంది నోళ్ళకు పనికొచ్చాను, ఇంకేం కావాలి.

వేసవి సెలవులకు వస్తానని రత్నం తండ్రికి కబురు పెట్టింది. సెలవులు రాకముందే, మాఘంలో, దాలయ్య పోయాడు. 1931 ఆషాఢంలో యానాం వదిలిన నూకరత్నం మళ్ళీ అక్కడికి వెళ్ళలేదు.