రెండు తానుల నలుపు

భార్య మీద మిహ్రాన్‌కు ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఆరాక్సీ ఏది అంటే అది జరిగి తీరేది. పోనీ జరిగాక "నే చెప్పలా?" అని దెప్పేదా అంటే, అదీ లేదు. దెప్పి ఉంటే పోట్లాడి సమం చేసుకునేవాడు. ఆమె లేచి వెళ్లి కాఫీ పెట్టేది. ముప్పై ఏళ్ల కాపురంలో అతను మింగిన ఓటములన్నీ చిక్కటి కాఫీతోనే గొంతు దిగాయి. ఆ మనిషి పోయి ఆరు నెలలైంది. ఓడిపోవడం మాత్రం ఆగలేదు.

నోట్లో గుండుసూదులు పెట్టుకుని, ఈ ఫిర్యాదునే నెమరేస్తూ, అతను ఎవరిదో ప్యాంటు అంచు మడుస్తున్నాడు. గ్లెండేల్‌లో ఆ డ్రైక్లీనింగ్ దుకాణం వెనకగదే అతని లోకం. ఒక కుట్టుమిషను, ఒక ఇస్త్రీబల్ల, ఇస్త్రీపెట్టెలో నీళ్లు పోయడానికి సన్నమూతి డబ్బా, సందులోకి తెరుచుకునే ఇనపతలుపు. మిషను మీదకి వంగి వంగి అతని కుడిభుజం ఎడమదానికన్నా కిందికి జారింది. తన కోటు తనే కుట్టుకుంటాడు కనక ఆ భుజంలో కాస్త దూది ఎక్కువ పెట్టుకుంటాడు. బయటివాళ్లకు తెలియదు. కుడి బొటనవేలు కాయకాసి, సూది గుచ్చుకున్నా పట్టించుకోవడం మానేసింది.

మధ్యాహ్నం అతని కూతురు షుషాన్ ఊరు విడిచి వెళుతోంది. ఉత్తరాన, కారులో ఆరు గంటల దూరంలో ఉన్న యూనివర్సిటీకి. సెలవు అడిగితే యజమానురాలు యూన్‌గారు ఇచ్చేదే. అతను అడగలేదు. ఇంట్లో ఉంటే మాట్లాడాలి. అందుకని, స్నేహితురాలు తాలిన్ కారు ఇటుగానే వస్తుంది కదా, వెనకసందులో ఆగి వెళ్లమన్నాడు.

మాట్లాడవలసింది రెండే మాటలు. ఆస్పత్రిలో చివరి రోజుల్లో ఆరాక్సీ కూడా అదే అంది. "నాకు చెప్పక్కర్లా, మిహ్రాన్. పిల్లకి చెప్పు. నాదే తప్పు అను. రెండు మాటలేగా." అతను ఆమె తలగడ సర్దాడు. చాలా బాగా సర్దాడు.

ఆ తప్పు చూడబోతే అంత పెద్దదేమీ కాదు. వాళ్ల వీధిలో సగం ఇళ్లవాళ్లు పిల్లల్ని ముందు ఊళ్లోని కాలేజీలో వేస్తారు. రెండేళ్లు మంచి మార్కులు తెచ్చుకుంటే పెద్ద యూనివర్సిటీలో మూడో ఏడాదికి మారొచ్చు. సగం చదువు ఇంటితిండితో, సగం చదువు గొప్ప పేరుతో. కొండకి అవతలే అలాంటి యూనివర్సిటీ ఒకటుంది. అక్కడ సీటు రావడం కష్టం, వస్తే మాత్రం రాత్రికి ఇంటికొచ్చి పడుకోవచ్చు. మిహ్రాన్ లెక్కలో ఆ యూనివర్సిటీ గొప్పతనమంతా ఈ రెండో సంగతిలోనే ఉంది.

రెండో ఏడు భౌతికశాస్త్రం రెండో భాగం ఊళ్లో సాయంత్రమే చెబుతామన్నారు. క్లాసు అయ్యేసరికి చీకటి పడుతుంది. పార్కింగ్ స్థలం పెద్దది, దీపాలు తక్కువ. ఆడపిల్ల ఆ చీకట్లో నడవడానికి వీల్లేదన్నాడు మిహ్రాన్. పక్క ఊరి కాలేజీలో అదే పాఠం పొద్దున చెబుతున్నారని కనుక్కుని, తనే దింపుతానన్నాడు. మొదలుపెట్టిన చోటే పూర్తి చెయ్యనీ, కావాలంటే నువ్వెళ్లి బయట కూర్చో అంది ఆరాక్సీ. కాపలావాణ్ణా నేను అన్నాడు. షుషాన్ ఏదో అనబోతే, "భౌతికశాస్త్రం ఎక్కడైనా భౌతికశాస్త్రమే తల్లీ. ఆ ఊళ్లో మాత్రం ఆపిల్ పైకి పడుతుందా?" అని నవ్వాడు. అతను పుట్టిపెరిగిన గ్యుమ్రీ పట్టణంవాళ్లకు జోకు కుదిరితే వాదన గెలిచినట్టే.

కొండ అవతలి యూనివర్సిటీ ఆ వసంతంలో షుషాన్‌కు సీటిచ్చింది. చివరి మార్కులు చూశాక వెనక్కి తీసుకుంది. ఒకే పాఠంలో ఒక సగం ఒక కాలేజీలో, మరో సగం మరో కాలేజీలో చదివితే, వాళ్ల లెక్కలో అది మొత్తం కాదట. రెండు సగాలు సగాలుగానే ఉంటాయట.

మిహ్రాన్ యూనివర్సిటీని తిట్టాడు. ముందుగా చెప్పని కాలేజీ సలహాదారుని తిట్టాడు. ఎవరూ దొరకనప్పుడు ప్రభుత్వాన్ని తిట్టాడు. ఆరాక్సీ లేచి వెళ్లి కాఫీ పెట్టింది.

షుషాన్ ఇంకో ఏడాది ఆగింది. అదే సాయంత్రం క్లాసు, అదే చీకటి పార్కింగ్. ఈసారి మిహ్రాన్ ఒక మడతకుర్చీ కొని, అక్కడ దీపస్తంభం కింద వేసుకుని కూర్చున్నాడు. వానొస్తే గొడుగు. పిల్లలు అతన్ని కాలేజీ మనిషే అనుకుని దారి అడిగేవాళ్లు. ఆరాక్సీ ఫ్లాస్కులో కాఫీ పోసి పంపేది. జబ్బు అప్పటికే ఆమె లోపల ఉంది, ఎవరికీ తెలియదు. ఆమె పక్కన కూర్చోవలసిన సాయంత్రాలన్నీ అతను దీపస్తంభం పక్కన కూర్చున్నాడు.

చలికాలం చివర ఆమె పోయింది. చెట్లు చిగిర్చాక ఫలితాలొచ్చాయి. కొండ అవతలివాళ్లు ఈసారి సీటు లేదన్నారు. ఉత్తరాదివాళ్లు రమ్మన్నారు.

"మిహ్రానూ, ఉన్నావా?"

పక్క దుకాణం మంగలి సెరోబ్ నల్లకోటు ఒకటి తెచ్చి బల్లమీద పడేశాడు. కోటు చేతిమీద ఇస్త్రీ కాలిన మచ్చ. ఆదివారం మేనల్లుడి పెళ్లట. ఆ చెయ్యి పీకేసి కొత్త గుడ్డతో వేరే చెయ్యి వెయ్యమన్నాడు.

మిహ్రాన్ తలూపలేదు. "గుడ్డ కలవదు."

"నల్లగుడ్డ లేదా నీ దగ్గర?"

"ఉంది. ఇదే మిల్లుది. అయినా వేరే తానులోది."

"నలుపు ఎక్కడైనా నలుపే కదయ్యా."

మిహ్రాన్ మూలనుంచి నల్లగుడ్డ ముక్క తీసి, కోటుతోపాటు ఇనపతలుపు బయటికి నడిచాడు. లోపల ట్యూబులైటు కింద రెండూ ఒకటే. ఎండలో పట్టుకుంటే కోటు నీలం తిరిగింది, ముక్క ఎరుపు తిరిగింది. "చూశావా? ఒకసారి ముంచిన రంగు ఇంకోసారి ముంచితే రాదు. ఎంత బాగా కుట్టినా సరే, రెండు తానులు ఒక కోటు కావు. ఇది తెలియకుండా ఎవడైనా..."

అక్కడితో ఆగిపోయాడు.

"ఏమైంది, సూది మింగావా?" అన్నాడు సెరోబ్. మళ్లీ తనే అందుకున్నాడు. "అమ్మాయి ఇవాళేగా వెళ్లేది? భలే లెక్కయ్యా నీది. ఊళ్లో గంటసేపు చీకటికి భయపడ్డావు. ఇప్పుడు ఏకంగా రాత్రులకి రాత్రులు రాసిచ్చేస్తున్నావు."

అతను కోటు అక్కడే వదిలి నవ్వుకుంటూ వెళ్లాడు. మిహ్రాన్ ఎండలో ఇంకాసేపు నిలబడ్డాడు. ఈ పాఠం అతనికి పదిహేనో ఏట మేస్త్రీ చెంపమీద కొట్టి నేర్పాడు. అప్పటినుంచి ఏ మనిషికీ రెండు తానులు కలిపి కుట్టలేదు, కూతురి చదువుకి తప్ప.

లోపలికొచ్చి షుషాన్ కోటు తీశాడు. ముదురు నీలం ఉన్ని, ఒకే తాను. పెళ్లయిన కొత్తలో గ్యుమ్రీ చలికి ఆరాక్సీ కోసం కుట్టింది. గ్లెండేల్ వచ్చాక దానికి బీరువాలో కర్పూరం వాసన తప్ప వేరే బతుకు లేకపోయింది. ఉత్తరాన పొగమంచుంటుందని నెలరోజులుగా దాన్ని విప్పి, కూతురి కొలతకు తగ్గించి మళ్లీ కుట్టాడు. గుండీలు కుట్టడం మిగిలింది. తీరికగా, ఒక్కో గుండీ కింద దారంతో మెడ చుట్టి, ముడి వేసి, మళ్లీ ముడి వేసి కుడుతూ వచ్చాడు. చేతులకు పనుంటే నోటికి సెలవు.

అన్నం వేళ దాటాక సందులో హారన్ మోగింది. షుషాన్ లోపలికొచ్చింది. తల్లి నుదురు, తండ్రి చేతులు. యూన్‌గారు ముందుగదిలోంచి పళ్లు కోసిన డబ్బా తెచ్చి ఇచ్చి, ఆ పిల్ల చెంప నిమిరి, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది. మిహ్రాన్‌కు ఆవిడమీద అసూయ కలిగింది.

"తిన్నావా?"

"తిన్నా నాన్నా."

"తాలిన్ కారులో నూనె చూసిందా?"

"చూసింది."

"టైర్లు?"

"నాన్నా, నాలుగూ ఉన్నాయి."

అతను గుండీ కుడుతూనే ఉన్నాడు. ఆమె మడతకుర్చీలో కూర్చుని చూసింది. పార్కింగ్ దీపం కింద వేసుకున్న కుర్చీయే, ఇప్పుడు ఇక్కడుంది. కాసేపటికి తాలిన్ మళ్లీ హారన్ కొట్టింది. షుషాన్ లేచి తండ్రిని కావలించుకుంది. అతను సూది ఆమెకు తగలకుండా కోటును కుర్చీ వీపుకు తగిలించి, ఆమె భుజం తట్టి, జాగ్రత్త అన్నాడు. అంతే అన్నాడు.

గ్యుమ్రీ ఆచారం ప్రకారం దూరం వెళ్లేవాళ్ల బండి వెనక నీళ్లు పోయాలి. దారి నీళ్లలా సాగాలని. ఆరాక్సీ ఉంటే చెంబు తెచ్చేది. మిహ్రాన్ గది నాలుగు మూలలూ చూసి, ఇస్త్రీపెట్టె నీళ్ల డబ్బా పట్టుకుని బయటికి పరిగెత్తాడు. కారు కదిలాక దాని సన్నమూతిలోంచి సన్నటి ధార పోశాడు. దారికి కాదు, చీమలకు సరిపోయేన్ని నీళ్లు.

వెనక్కి తిరిగితే తలుపులోంచి కోటు కనిపించింది.

అదృష్టమో దురదృష్టమో, సందు చివర సరుకుల లారీ అడ్డంగా ఆగి ఉంది. కారు నిలిచిపోయింది. షుషాన్ కిటికీలోంచి తల బయటపెట్టి, "నాన్నా, కోటు!" అని కేకేసింది. దిగి రాలేదు. నీళ్లు పోశాక వెనక్కి అడుగేస్తే ప్రయాణం చెడుతుంది. ఆ సంగతి ఇంట్లో ఆరాక్సీయే నేర్పింది.

మిహ్రాన్ కారువైపు నడిచాడు. జారిన భుజంతో, ఒక పక్కకి ఒరిగినట్టు, త్వరత్వరగా నడిచాడు. కిటికీ దగ్గరకు చేరేసరికి ఆమె అతని చేతిలోకి చూసింది. కోటు లేదు. నీళ్ల డబ్బా ఉంది.

"సాయంత్రం క్లాసు," అన్నాడు.

"ఏ క్లాసు?"

"ఆ మొదటిసారిది. నేను వద్దన్నది. కొండ అవతలివాళ్లది కాదు, సలహాదారుది కాదు." అతను డబ్బాను కుడిచేతిలోంచి ఎడమచేతికి మార్చుకున్నాడు. "నాదే తప్పు, తల్లీ. నీకో ఏడు పోగొట్టాను. ఆ ఏడే వెళ్లుంటే మీ అమ్మ చూసి ఉండేది."

స్టీరింగ్ ముందు కూర్చున్న తాలిన్ అద్దంలోకి చూస్తూ లేనిపోని జుట్టు సర్దుకుంది.

"నువ్వు చెప్పలేవంది అమ్మ," అంది షుషాన్ చివరికి. "ఎదురుచూడకు, చెప్పడు, నువ్వే మర్చిపో అంది."

ముప్పై ఏళ్లుగా మిహ్రాన్ ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆరాక్సీ మాట తప్పితే చూడాలనుకున్నాడు.

"అయితే మీ అమ్మ పొరబడింది," అన్నాడు.

లారీ కదిలింది. వెనకనుంచి ఎవరో హారన్ కొట్టారు. షుషాన్ చెయ్యి అతని జారిన భుజంమీద ఒక్క క్షణం ఆగి, వెళ్లిపోయింది.

అతను వెనకగదికి తిరిగొచ్చాడు. కాఫీ పెట్టేవాళ్లు లేరు. మడతకుర్చీ వీపుమీద నీలంకోటు భుజాలు రెండూ సమంగా వేలాడుతోంది. ఆఖరి గుండీకి తెంపని దారం, ఆ దారం కొసన సూది, తలుపు గాలికి కొద్దిగా ఊగుతోంది.