శనివారం ఉత్తరాలు

సంఘంలో చేరడానికి జీవానందానికి ఒక్క సంతకం తక్కువైంది. ఆ ఒక్కదాని కోసం వారం రోజులుగా బందరు సందులన్నీ సైకిలు మీద చుట్టబెట్టి, గుడివాడ దాకా పోయి వచ్చి, చివరికి శనివారం సాయంత్రం ఖాళీ చేతుల్తో ఇంటి అరుగు మీద కూలబడ్డాడు. సభ మర్నాడే.

ఏ సంఘం అంటారా? అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి మూడేళ్లు. దొంగతనాలకీ దెబ్బలాటలకీ పట్టుబడ్డ పిల్లల్ని ఉంచే హోం ఒకటి బందరులో ఉండేది. కాయితాల మీద దాని పేరేదైనా ఊళ్లోవాళ్లు పిల్లల జైలనే అనేవాళ్లు. జీవానందం అందులో పన్నెండేళ్లుగా వార్డరు. పన్నెండేళ్లూ టెంపరరీయే. కొత్త సూపరింటెండెంటు జనార్దనరావు వచ్చిన మూడు నెలల్లో ఇద్దరు టెంపరరీ వార్డర్లని, అడిగేవాడు లేడన్నట్టు, ఇంటికి పంపించేశాడు. మూడోవాడెవడో తెలుసుకోడానికి జాతకం చూపించుకోనక్కర్లేదు. ఇలాంటి హోముల్లో పనిచేసేవాళ్లంతా కలిసి గుడివాడలో సంఘం పెట్టుకున్నారు. అందులో సభ్యుడైనవాణ్ణి విచారణ లేకుండా తీసెయ్యకూడదని పైవాళ్లు కూడా ఒప్పుకున్నారు. కొత్తవాళ్లని చేర్చుకునేది ఆర్నెల్లకోసారి. ఈ ఎండాకాలం దాటిపోతే మళ్లీ కార్తీకమాసమే. అప్పటిదాకా జనార్దనరావు చేతులు ముడుచుకుని కూర్చుంటాడా?

సంఘాధ్యక్షులు శేషగిరిరావు గారు రిటైరైన హెడ్మాస్టరు, పరమ మొండి మనిషి. దరఖాస్తు మీద రెండు సంతకాలు ఉండాల్సిందేనని పట్టుబట్టారు. ఒకటి సంఘ సభ్యుడిది. అది దొరికింది. రెండోది, ఆ వార్డరు చేతికింద ఉండి బయటికి వెళ్లిన కుర్రాడిది. వాడు సభకి వచ్చి, ఈయన నన్ను ఎలా చూశాడో అని అందరి ముందూ నోటితో చెప్పి మరీ సంతకం పెట్టాలి. “ఆఫీసర్ల సర్టిఫికెట్లు మనకెందుకయ్యా? మనం ఎలాంటివాళ్లమో తెలిసింది వాళ్లకే కదా?” అనేవారు.

వినడానికి బాగానే ఉంటుంది. వెతుక్కునేవాడికి తెలుస్తుంది ఆ కష్టం. గుడివాడ రైసుమిల్లులో పనిచేసే ఒకడు జీవానందాన్ని దూరం నుంచి చూసి వెనక గుమ్మంలోంచి జారుకున్నాడు. ఇంకొకడు చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కెళ్లి, “నాకు పెళ్లయిందండీ. నేనక్కడ ఉన్నట్టు మా మావగారికి తెలీదు. మీకు దణ్ణం పెడతాను, మళ్లీ రాకండి” అన్నాడు. మిగిలినవాళ్ల అడ్రసులే లేవు.

“గిలకలదిండిలో పోతయ్య ఉన్నాడుగా? వాడి దగ్గరికి వెళ్లరేం?” అంది భార్య హన్నా, కంచంలో అన్నం పెడుతూ.

“వాడొద్దులే.”

“ఎందుకొద్దు? ఏ పిల్లాడికైనా మీరు చేసినంత ఎవరు చేశారు? శనివారం వచ్చిందంటే వాళ్ల ఉత్తరాలు పట్టుకుని కూర్చోవడమేగా మీ పని! మన పిల్లలకి ఒక్క ముక్క చదివి పెట్టిన పాపాన పోయారా?”

బజార్లో రెండుసార్లు పోతయ్య ఎదురొచ్చాడు. రెండుసార్లూ రోడ్డు దాటి అవతలి పక్కకి పోయాడు. ఎందుకలా పోయాడో జీవానందానికి తెలుసు. తెలుసు గనకనే వారం రోజులుగా ఊరంతా తిరిగాడు గానీ రెండు మైళ్ల దూరంలో ఉన్న గిలకలదిండి వైపు సైకిలు తిప్పలేదు. అన్నం సగంలో వదిలేసి లేచాడు.

పోతయ్య ఇసకలో కాళ్లు చాపుకుని వల బాగుచేసుకుంటున్నాడు. పాతికేళ్లవాడు, సముద్రం మీద ఎండకి మాడి నల్లగా నిగనిగలాడుతున్నాడు. తలెత్తి చూసి, మళ్లీ వలలోకి వంగి, చెప్పిందంతా విన్నాడు. విని, “సంతకవేగా? వస్తానండీ” అన్నాడు.

అంత సులువుగా అనేసరికి జీవానందానికి భయమేసింది. తిట్టినా బాగుండేది.

“ఒరేయ్ పోతయ్యా, అక్కడ ఏం చెప్తావురా?”

“అక్కడే చెప్తానండీ.”

మర్నాడు రైల్లో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. దారిలో ముంజలమ్మితే పోతయ్య కొని, రెండు ఈయన చేతిలో పెట్టాడు. పెట్టినవాడు ఒక్క మాట మాట్లాడితేగా! గుడివాడ వచ్చేదాకా కిటికీలోంచి పొలాలు చూస్తూనే ఉన్నాడు. జీవానందం ముంజలు చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

సభ ఒక బడి గదిలో. పిల్లలు కూర్చునే బల్లల మీద పదకొండుమంది సభ్యులు మోకాళ్లు ముడుచుకుని ఇరుక్కుని ఉన్నారు. శేషగిరిరావు గారు దరఖాస్తు బల్ల మీద పరిచి, కలం మూత తీసి పక్కన పెట్టి, “చెప్పు బాబూ, భయపడకు” అన్నారు.

“భయవెందుకండీ” అని పోతయ్య లేచి నిలబడ్డాడు. “మాది దివిసీమండీ, ఎదురుమొండి. పద్నాలుగేళ్లప్పుడు నన్ను హోంలో ఏశారు. అక్కడ కొట్టేవోళ్లు కొట్టారండీ. ఈయన మాత్తరం ఒక్క దెబ్బ ఎయ్యలేదు. నాకప్పుడు చదువు రాదు. శనివారం శనివారం ఈయనే కూకోబెట్టి మా అమ్మకి ఉత్తరం రాసేవోరు, మా అమ్మ ఎవరిచేతో రాయించి పంపిన కార్డు చదివేవోరు. ఒళ్లు జాగర్తరా అనేది. ఎవుడితోనూ దెబ్బలాటకి పోకు, నువ్వొచ్చేదాకా నాన్న వల తీసి దాచి ఉంచుతాను అనేది. ఆ మాట మీదే నేను మడిసినయ్యానండీ.”

బల్లల మీద ఎవరో “భేష్” అన్నారు. జీవానందం తల ఎత్తలేదు.

“మూడేళ్లకి వదిలారు. లోపల పనికిచ్చిన డబ్బులుంటే బందరు బజార్లో అమ్మకి గాజులు కొన్నాను. పడవ దిగి, మా అమ్మేదీ అని అడిగితే రేవులో ఉన్నోళ్లంతా నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశారు. మా అమ్మ పోయి అప్పటికి రెండేళ్లండీ! కలరా. నేను లోపలికెళ్లిన ఏడాదికే. చావుకబురు హోముకి పంపామన్నారు. మరి ఆ రెండేళ్లూ నాకు ఉత్తరాలు రాసిందెవరండీ?”

పదకొండుమందీ జీవానందం వైపు తిరిగారు.

“ఈయనే” అన్నాడు పోతయ్య. “కొట్టినోళ్లని మర్చిపోయాను. ఈయన్ని మర్చిపోలేకపోయాను. మట్టి వెయ్యలేదు, దినం చెయ్యలేదు. అమ్మ పోయిందని ఏడవడానిక్కూడా నాకు రెండేళ్లు ఆలీసెం చేశారండీ.”

శేషగిరిరావు గారు కళ్లజోడు తీసి, “నిజమేనా జీవానందం గారూ?” అన్నారు.

“నిజమేనండీ” అన్నాడు జీవానందం లేచి. ఆయన నోట్లో నాలుక లేని మనిషి. ఆ రోజు మాత్రం కట్ట తెగినట్టు వచ్చేసింది మాట. “చావుకబురు పిల్లలకి చెప్పకూడదని హోములో కట్టడండీ. చెబితే గోడ దూకుతారని. కార్డు ఆఫీసు సొరుగులో పడేస్తారు, వదిలే రోజున చేతికివ్వాలన్న మాటే గానీ ఎవరికీ గుర్తుండదు. నేను చేరిన కొత్తలో ఆగలేక ఒకడికి చెప్పాను. తండ్రి పోయాడని. ఆ సాయంత్రమే వాడు గోడ దూకాడు. రెండో రోజున బందరు కాలవలో తేలాడు. పదేళ్లవాడండీ! నేను చెప్పబట్టే కదా! అప్పట్నించీ నా వల్ల కాలేదు. ఉత్తరం కోసం వాడలా నోరు తెరుచుకుని చూస్తుంటే, రాలేదని చెప్పలేక, ఉన్నట్టు చదివేసేవాణ్ణి. మంచే చేస్తున్నాననుకున్నాను. నా మీద ఒట్టు, మంచే అనుకున్నాను.”

ఎవరూ ఛీ అనలేదు. అనడానికి వాళ్లకి మొహం చెల్లొద్దూ? పదకొండుమందీ నేల చూపులు చూస్తున్నారు. ఏ హోము సొరుగులో కార్డులు లేవు గనక!

“ఇప్పుడుందా అండీ, అలాంటి కార్డు?” అన్నాడు పోతయ్య.

లేదనేస్తే సరిపోయేది. సంతకం చేతికొచ్చేదేమో కూడా.

“ఉంది. శోభనాద్రని, కోడూరు పిల్లాడు. పదకొండేళ్లు. తల్లి పోయింది. కార్డు సోమవారం వచ్చింది.”

“ఎప్పుడు పోయింది?”

“అంతకుముందు శుక్రవారం.”

పోతయ్య వేళ్లు మడిచాడు. “రేపటికి పదకొండో రోజు. పెద్ద దినం రేపేనండీ! తెల్లారగట్ట బస్సెక్కి పులిగడ్డ దగ్గర కృష్ణ దాటితే అందుకుంటాడు పిల్లోడు.”

శేషగిరిరావు గారు చెయ్యెత్తారు. “తొందరపడకండి. చూడండి జీవానందం గారూ, మీరిప్పుడు వెళ్లి చెబితే జనార్దనరావు రేపు పొద్దున్నే మిమ్మల్ని తీసేస్తాడు. సభ్యులు కానివాళ్ల కోసం మేం వాదించలేం. కూర్చోండి. సంతకం కానివ్వండి, ఆరింటికి ఓటింగు, అరగంటలో తేలుస్తాం. ఆ తర్వాత వెళ్లి చెప్పండి, మేమంతా మీ వెనక నిలబడతాం.”

ఆ మాటలో తప్పేముంది? నిజంగా మేలు కోరి చెప్పిన మాటే. జీవానందం గోడ గడియారం చూశాడు. నాలుగు కావడానికి పది నిమిషాలు. బందరు వెళ్లే బండి నాలుగున్నరకి. అది పోతే రాత్రి పదింటికి, అప్పటికి పిల్లల్ని లోపల పెట్టి తాళాలేస్తారు, తాళంచెవులు జనార్దనరావు దగ్గరుంటాయి. పెళ్లాం, ముగ్గురు పిల్లలు, అద్దె ఇల్లు, నలభై రెండేళ్ల వయసు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. బల్ల మీద మూత తీసిన కలం ఆరిపోతోంది.

“పోతయ్యా, నువ్వు సంతకం పెడతావా?” అని అడిగాడు.

“ముందా పిల్లోడికి చెప్పండి. అప్పుడడగండి.”

“వాడు దూకితేనో?”

పోతయ్య పై గుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. “నేను గోడవతల ఉంటానండీ. దూకితే నేను పట్టుకుంటాను. పదండి.”

దరఖాస్తు అక్కడే వదిలేసి ఇద్దరూ స్టేషనుకి దాదాపు పరుగెత్తారు. బండి కవుతరం దగ్గర ఇరవై నిమిషాలు నిలబడిపోయింది. ఇంజను మీదా, గార్డు మీదా, తన మీదా జీవానందానికి ఒళ్లు మండిపోయింది. బందరులో దిగేసరికి ఆరు దాటింది. హోము గేటు దగ్గర పోతయ్య ఆగి, గోడ వెంట కాలవ వైపుకి నడిచాడు.

పిల్లలు భోజనాలు చేసి కంచాలు కడుక్కుంటున్నారు. శోభనాద్రి ఈయన్ని చూసి తడి చేతుల్తోనే పరుగెత్తుకొచ్చాడు. ముందు పళ్లు రెండూ కొంచెం ఎత్తుగా, ఎప్పుడూ నవ్వుతున్నట్టుండే మొహం.

“ఆదివారం వచ్చారేంటండీ? ఉత్తరం వచ్చిందా?”

జీవానందం వాణ్ణి పంపు పక్కన గట్టు మీద కూర్చోబెట్టి, గోడకీ వాడికీ మధ్య తను కూర్చున్నాడు. దారి పొడుగునా కూడదీసుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

“ఒరే నాన్నా, మీ అమ్మ చచ్చిపోయిందిరా. మొన్న కాదు అటుమొన్న శుక్రవారం. నేను చెప్పలేదు. పొద్దున్నే నిన్ను కోడూరు తీసుకెళ్తాను.”

శోభనాద్రి నవ్వుమొహం మారలేదు. అర్థమైందో లేదో కూడా తెలియలేదు. కాలి బొటనవేలితో నేల గీరుతూ చాలాసేపు ఆలోచించాడు.

“మరి మేకపిల్లకి మేతెవరు ఏత్తన్నారండీ?”

“ఏ మేకపిల్లరా?”

“నిన్న చదివారు గదండీ. మేకపిల్లని కొన్నాను, నువ్వొచ్చేసరికి పెద్దదవుద్దని అమ్మ రాసింది. నల్లదని. చెవి మీద తెల్ల మచ్చని.”

నిన్న మధ్యాహ్నం వాడు బెంగగా ఉన్నాడని, నవ్వించడానికి, అప్పటికప్పుడు జీవానందం నోటికొచ్చిన మేక అది. మచ్చతో సహా.

“మేకపిల్ల లేదురా” అన్నాడు. “ఆ ఉత్తరం మీ అమ్మ రాసింది కాదు. నేనే కల్పించి చదివాను.”

తల్లి పోయిందంటే ఏడవని పిల్లాడు, మేకపిల్ల లేదనేసరికి భోరుమన్నాడు. రెండు పిడికిళ్లూ బిగించి జీవానందం రొమ్ము మీద దబదబా గుద్దాడు. ఆయన చేతులు అడ్డం పెట్టుకోలేదు. గుద్ది గుద్ది, అలిసిపోయి, ఆ చొక్కాలోనే మొహం దాచుకుని అమ్మా అమ్మా అని గొంతు చించుకున్నాడు. మిగతా పిల్లలు కంచాలు పట్టుకుని ఎక్కడివాళ్లక్కడే నిలబడిపోయారు.

ఏడుపు విని జనార్దనరావు వరండాలోకి వచ్చాడు. “ఏంటయ్యా అక్కడ? ఏం చెప్పావు వాడికి?” అని కేక పెట్టాడు.

పన్నెండేళ్లుగా ఏ సూపరింటెండెంటు గొంతు వినబడ్డా జీవానందం దిగ్గున లేచి నిలబడేవాడు. ఇప్పుడు ఒళ్లో పిల్లాడున్నాడు, లేవలేదు.

“వీళ్లమ్మ పోయిందండీ” అన్నాడు. “అది చెప్పాను. పొద్దున్న బస్సుకి వాణ్ణి దినానికి తీసుకెళ్తున్నాను. మిగతా పిల్లల కార్డులేమన్నా ఆ సొరుగులో ఉంటే అవి కూడా ఇలా ఇప్పించండి.”