పురుగుల ఇంటి అంటు

పవిత్ర మొగుడు ఉదయ్ కుమార్‌కు తాగుడు లేదు, పేకాట లేదు, బీడీ కూడా లేదు. ఉండుంటే కనీసం వాటి గురించైనా మొగుడూ పెళ్లాం నాలుగు మాటలు పోట్లాడుకునేవాళ్లు. ఆయన ముద్దుమాటలన్నీ పట్టుపురుగులకే. పొద్దున్నే పురుగుల ఇంటి తలుపు తీసి, "ఏమ్రా బంగారాలూ, బాగుండారా?" అంటాడు. కుబుసం విడిచే ముందు పురుగులు మేత మానేసి కదలకుండా పడుంటాయి. దాన్ని ఇక్కడ జ్వరం అంటారు. పోయిన వానాకాలం పవిత్రకు నిజం జ్వరమే వచ్చి మంచమెక్కింది. ఆయన గడపలో నిలబడి, "జ్వరం తగ్గినాదా?" అని అడిగాడు. ఆమెకు కళ్లు చెమర్చినంత పనైంది. "ఇంకా ఒళ్లు కాలుతోందండీ," అంది.

"నీకు కాదే. పురుగులు మూడో జ్వరం లేచినాయా అంటాండా."

పవిత్ర పుట్టిల్లు ధర్మవరం. నాయన మగ్గం మీద పట్టుచీరలు నేసేవాడు. ఆ ఇంట్లోకి పట్టు దారంగానే వచ్చేది, పురుగు మొహం ఎవరూ చూసెరగరు. హిందూపురంలో జువాలజీతో డిగ్రీ చేసి, గోరంట్ల పక్క పల్లెకు కోడలై వచ్చాక చూసింది. ఆకు కోయించడం, మేపడం, పెంట తీయడం, సున్నం చల్లడం ఆమె పని. గూళ్లు మూటగట్టి హిందూపురం మార్కెట్‌కు తీసుకుపోవడం ఆయన పని. అందుకే ఆయన రైతు. ఆమె "ఇంట్లోనే ఉంటాది." పురుగులకు వాసన పడదని పౌడరు మానేసింది, మల్లెపూలు మానేసింది. అయినా ఆ గదంటే ఆమెకు ఇష్టం. పురుగులు ఆమె మాట వింటాయని కాదు, వాటికి చెవుల్లేవు. కానీ చెప్తుంటే మధ్యలో లేచి వెళ్లిపోవు.

పురుగు వీపున గుడ్డు పెట్టి, లోపల్నించి తినేసే ఊజీ ఈగ రాకుండా కిటికీలకు వలలు కుట్టిందీ ఆమే. ఆ ఈగ సంతానాన్ని నాశనం చేసే చిన్న కందిరీగల్ని తెప్పించి వదిలిందీ ఆమే. "పురుగులు చాలవని మా కోడలు ఈగల్ని కూడా కొనుక్కొచ్చినాది," అని అత్త తిప్పమ్మ వీధంతా చెప్పుకుంది.

మల్బరీ తోట పక్కనే టమోటా చేను. టమోటాకు పురుగుమందు కొడితే గాలికి మల్బరీ ఆకు మీద పడుతుంది, ఆ ఆకు తిన్న పురుగు బతకదు. నారు నాటేటప్పుడే పవిత్ర చెప్పింది: వరసల మధ్య బంతి పెడదాం, కాయతొలిచే పురుగు తల్లి బంతి మీద గుడ్లు పెడుతుంది, పసుపు అట్టలు కడితే తెల్లదోమ వాటికే అతుక్కుంటుంది. ఉదయ్ కూలీల ముందర నవ్వాడు.

"పసుపంట, బంతిపూలంట. చేనికేమన్నా పెండ్లి చేస్తాండావా?"

మాట బాగుంది. పవిత్రకూ నవ్వొచ్చింది. నవ్వింది. అదే ఆమె చేసిన తప్పు.

గూడు కట్టే ముందు ఒక పొద్దున, తట్టల్లో పురుగులు తలలు కొట్టుకుంటూ పచ్చటి నీళ్లు కక్కాయి. ఆకు మోపులు తెచ్చిన కూలీలు ఎస్తేరు, రామాంజినమ్మ వాకిట్లో కొయ్యబారి నిలబడ్డారు. వాళ్లిద్దరూ వినేలా తిప్పమ్మ కోడల్ని అడిగింది.

"ఏమ్మే, బయటుండి లోపలికి పోయినావా?"

నెలసరిలో ఆడది అడుగుపెడితే పురుగు చెడుతుందని అత్త నమ్మకం.

"లేదత్తా."

"మరి ఊరికే చస్తాయా? అంటు తగిలినాది."

ముందురోజు సాయంత్రం టమోటాకు కొట్టిన మందు ట్యాంకు గోడకు ఆనించి ఉంది. పవిత్ర మొగుడి వైపు చూసింది. ఆయన ట్యాంకు వైపు చూశాడు, తర్వాత నేల వైపు చూశాడు. చచ్చిన పురుగుల్ని గంపలకెత్తి గుంటలో పూడ్చింది పవిత్రే. మన్ను కప్పుతుంటే ఆమెకు అర్థమైంది, గుచ్చుకున్నది అత్త మాట కాదు. అత్తకు తెలియదు, తెలియకే అంది. ఆయనకు తెలుసు. తెలిసి, పక్కనే నిలబడి, ఆ మాట పెళ్లాం మీద పడుతుంటే గాలి ఎటు పోతే నాకేమన్నట్టు ఊరుకున్నాడు. ఇన్నేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నది ఈయనతోనా అనిపించింది. ఆ సంగతి చెప్పుకుందామంటే, వినే పురుగులు కూడా లేవు.

తర్వాతి పంటకు కొత్త పురుగులు వచ్చాయి. ఆ రోజు నుంచీ పవిత్ర పురుగుల ఇంటి గడప బయట కుర్చీ వేసుకుంది.

"ఆకు ఎయ్యాల, లోపలికి రా," అన్నాడు ఉదయ్.

"వద్దండీ. నా అంటు తగిలితే?"

"ఇప్పుడు బయటుండావా?" అంది తిప్పమ్మ.

"లేదత్తా. ఆ పొద్దూ లేను. అయినా చచ్చినాయి కదా. ఎందుకొచ్చిన తంటా?"

మేపడం, పెంట తీయడం తల్లీకొడుకుల మీద పడ్డాయి. తిప్పమ్మ నడుం పట్టేసింది. ఉదయ్ సున్నానికి తుమ్మీ తుమ్మీ బంగారాల్ని పలకరించడం మానేశాడు. టమోటాకు మాత్రం మళ్లీ మందు కొట్టలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు.

"ఏమక్కా, రిటైరైనావా?" అంది ఎస్తేరు.

"తీసేసినారు ఎస్తేరూ. పింఛను కూడా లేదు."

ఎస్తేరు వెళ్లిపోయాక వల వెనక మేత చప్పుడు వినబడేది. ఆకు తడిగా వేశారేమో, వల ఎక్కడైనా చిరిగిందేమో అని పవిత్ర ప్రాణం కొట్టుకునేది. చేతులు ఒళ్లో గట్టిగా అదిమిపెట్టుకుని కూర్చునేది.

ఒక సాయంత్రం ఉదయ్ వంటింట్లోకి వచ్చాడు. "ఆ పొద్దు... మందు వల్లేలే. నాకు తెలుసు," అని గొణిగాడు.

"నాకూ తెలుసు. తెలిసిన నాకు చెప్పి ఏం లాభం? వాకిట్లో విన్నవాళ్లకు చెప్పండి."

మరుసటి పొద్దున ఎస్తేరు, రామాంజినమ్మ ఆకు మోపులు దించారు. తిప్పమ్మ చీపురుతో బయటికి వచ్చింది. పవిత్ర కుర్చీలోంచి లేవలేదు. ఉదయ్ మోపుల మధ్య నిలబడి ఏదో అన్నాడు.

"ఏమిరా, నోట్లో నోట్లోనే గొణుగుతాండావు?" అంది తిప్పమ్మ. "గట్టిగా చెప్పు."

ఆయన తల ఎత్తాడు.

"పురుగులు చచ్చింది అంటుకు కాదమ్మా. మందు కొట్టింది నేను. గాలి మల్బరీ మీదికి తిరిగింది, చూసి కూడా ఆపలేదు. నువ్వు పవిత్రను అంటాంటే, తెలిసీ నోరు మూసుకున్నా. తప్పు నాది."