వాలుపీట

లిఫ్టు పెట్టె పైకప్పు మీద గొంతుక్కూర్చుని అతను కళ్ళు మూసుకున్నాడు. చేతిలోని బటన్ నొక్కి ఉంచితే పెట్టె మనిషి నడక కంటే నెమ్మదిగా దిగుతోంది. తొమ్మిదో అంతస్తు, ఎనిమిది, ఏడు. బావిలాంటి ఆ చీకటిలో గ్రీజు వాసన, తడిసి ఆరిన సిమెంటు వాసన. ఏడుకీ ఆరుకీ మధ్య ఎడమవైపు ఇనప పట్టా దగ్గర చిన్నగా టిక్కుమంది. బటన్ వదిలేశాడు.

"ఏడు దాటాక రెండో బోల్టు వదులైంది," అన్నాడు పైకి.

పై గదిలో ఉన్న సూపర్‌వైజరు ఎలా చెప్పగలవని అడగడం మానేసి చాలా ఏళ్ళయింది. కంపెనీలో అతన్ని అందరూ చెవి అంటారు. ఎవరికీ అంతుపట్టని చప్పుడు ఏ లిఫ్టులో వచ్చినా "చెవిని పంపండి" అంటారు. ఇరవై తొమ్మిదేళ్ళుగా వెళ్తున్నాడు. పొట్టి మనిషి. భుజాలు మాత్రం ఒడ్డూ పొడుగూ ఉన్నవాడికి ఉండాల్సినవి. గోళ్ళ అంచున ఏ సబ్బుకీ పోని నల్లటి గీత. కుడి మోకాలు వాచి, లేచేటప్పుడు రెండు చేతులతో పట్టుకుని సరిచేసుకుంటేగాని నిటారు కాదు.

బోల్టు బిగించి పైకొచ్చి, మధ్యాహ్నం నుంచి సెలవు కావాలన్నాడు.

"నువ్వా? సగం రోజు సెలవా?" సూపర్‌వైజరు నవ్వాడు. "పెళ్ళిచూపులా ఏంటి?"

"అక్కకి ఒక సామాను కొనాలండీ."

సూపర్‌వైజరు నవ్వు ఆపేశాడు. అక్క సంగతి అతనికి తెలుసు. "వెళ్ళు, వెళ్ళు," అన్నాడు, కాయితాల్లోకి చూస్తూ.

అక్క అతనికంటే తొమ్మిదేళ్ళు పెద్ద. అమ్మ పోయినప్పుడు అతనికి పదకొండు. అప్పటినుంచి అక్కే వండింది, అక్కే చదివించింది, పరీక్ష తప్పితే అక్కే నాలుగు తగిలించింది. ఆస్పత్రిలో ఎక్స్‌రే గదిలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసింది. ఊపిరి బిగబట్టండి, వదలండి, అని రోజుకి వందసార్లు అనేది. ఒకసారి సంబంధం కుదిరి, మళ్ళీ చెడింది. ఎందుకు చెడిందో అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. అతనికీ పెళ్ళి కాలేదు. దానికి కారణం కూడా ఏమీ లేదు. ఎప్పటికప్పుడు ఇంకో ఏడాది చూద్దామనుకున్నారు, ఏళ్ళు అయిపోయాయి.

రిటైరయ్యాక అక్క ఒక కెమెరా కొంది. "మనుషుల ఎముకలు చూసీ చూసీ మొహం మొత్తిందిరా. ఇంక దూరంగా ఉన్నవి చూస్తాను," అంది. డాబా ఎక్కి చుక్కల్ని ఫోటో తీయడం మొదలుపెట్టింది. గొల్లకావడి చుక్కల కింద ఒక మసక మచ్చ ఉంటుంది, అది కావాలామెకి. రెండు నిమిషాలు కెమెరా కన్ను తెరిచి ఉంచితేగాని ఆ మచ్చ పడదు. ఆ రెండు నిమిషాల్లో భూమి తిరిగిపోయి చుక్కలన్నీ బియ్యపు గింజల్లా సాగుతాయి. అందుకని ట్రాకర్ అనే చిన్న పెట్టె తెప్పించింది. భూమి ఎటు తిరిగితే దానికి ఎదురు తిరుగుతూ కెమెరాని చుక్కల వెంట నడిపిస్తుంది అది. అయితే దాని ఇరుసు సరిగ్గా ధ్రువనక్షత్రం వైపు చూడాలి. అలా చూసేలా ట్రాకర్‌ని వాల్చి పట్టుకునే ఇనప పీటని వెడ్జి అంటారు. అక్క దానికి వాలుపీట అని పేరు పెట్టింది. అది లేక మామూలు ట్రైపాడ్ తల మీదే నాలుగేళ్ళు నెట్టుకొచ్చింది. నాలుగేళ్ళూ బియ్యపు గింజలే.

మొన్న చలికాలం నుంచి ఊపిరితిత్తులు పూర్తిగా మొరాయించాయి. మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ వచ్చింది. గొట్టం ఎంతవరకు వస్తే అంతవరకే ఆమె ఇల్లు. పోయిన నెల డాక్టరు అతన్ని వరండాలోకి పిలిచి వారాల్లో లెక్క చెప్పాడు. అతను తలాడించాడు. ఆ రోజునుంచి పంటి డాక్టరు సూది వేసిన దవడలా ఉంది లోపలంతా. అన్నం తింటున్నాడు, పనికి వెళ్తున్నాడు, బోల్టులు బిగిస్తున్నాడు. ఎక్కడ నొక్కి చూసుకున్నా ఏమీ తెలియడం లేదు.

ఈ ఉదయం అక్క అతని చేతిలో ఒక చీటీ పెట్టింది. డిగ్రీలు, ట్రాకర్ బరువు, కెమెరా బరువు, స్క్రూ కొలత, అన్నీ పెన్సిలుతో రాసి ఉన్నాయి.

"ఇంకో మూడు వారాలైతే ఆ మచ్చ పొద్దుగూకగానే దిగిపోతుందిరా. మళ్ళీ చలికాలానికే," అంది. ప్రతి నాలుగు మాటలకీ ఆగుతోంది. "నేను కిటికీ దగ్గర కూర్చుంటాను. నువ్వు పైన. ఫోన్‌లో చెప్తాను. తిప్పేది నువ్వే కాబట్టి నీ చేతికి నచ్చింది తీసుకో."

"నాకేం తెలుసక్కా వాటి సంగతి?"

"లూజుందో లేదో తెలుసుగా. అది చాలు."

కింది ఇంట్లో బట్టలు కుట్టే ఆమెకి గంటకోసారి చూడమని చెప్పి అతను పనికి వచ్చేశాడు.

కెమెరా సామాన్ల కొట్టు ఒక మందుల షాపు పైన ఉంది. ఇరుకు మెట్లు, గాజు బీరువాలు, కొత్త ప్లాస్టిక్ వాసన. కౌంటరు దగ్గర నలభై ఏళ్ళావిడ చీటీ చదివి, అతని చేతుల వంక ఒకసారి చూసి, లోపలినుంచి మూడు వెడ్జిలు తెచ్చి పరిచింది.

మొదటిది అరచేతిలో ఇమిడేంత. రెండోది ఎర్రగా మెరుస్తోంది, గుండ్రటి నీటిబుడగ, తెల్లటి అంకెలు. మూడోది మందంగా, మొద్దుగా, దుకాణంలో అందరూ పట్టుకుని చూసి పెట్టేసినట్టు అంచున రంగు పోయి ఉంది.

"ఎక్కువమంది ఎర్రదే తీసుకుంటారు సార్. చూడ్డానికి బాగుంటుంది," అందావిడ.

"చీకట్లో వాడేదిగా అమ్మా," అన్నాడు అతను.

ఆవిడ నవ్వింది. అతను తమాషాకి అనలేదు.

ఎర్రదాన్ని తీసుకుని మర తిప్పాడు. పీట లేచింది. వెనక్కి తిప్పాడు. పావు చుట్టు తిరిగేదాకా పీట కదల్లేదు, తర్వాత ఒక్కసారిగా కదిలింది. మళ్ళీ తిప్పి, చెవి దగ్గర పెట్టుకున్నాడు. లోపల పళ్ళకి పళ్ళకి మధ్య సందు ఉంది. పక్కన పెట్టేశాడు. చిన్నదాన్ని కౌంటరు మీద ట్రైపాడ్‌కి బిగించమన్నాడు. అక్క చీటీలో ఉన్న డిగ్రీకి వాల్చాడు. తన నడుముకున్న పనిముట్ల సంచి విప్పి, రెండు స్పానర్లు తీసి చేత్తో తూచి చూసుకుని, మిగతా సంచిని దానికి తగిలించాడు. చీటీలోని రెండు బరువులు కలిపితే అంతే ఉంటుంది. వెనకున్న గాజు మీద పీట అంచుకి సరిగ్గా మార్కరుతో గీత గీశాడు.

"పది నిమిషాలు ఆగుదామామ్మా?"

ఆగారు. ఆవిడ ఇంకెవరికో బ్యాటరీ అమ్మింది. పది నిమిషాలకి పీట గీత కిందికి గోరంచు మందం జారింది.

"అయ్యో, ఇన్నాళ్ళూ నేనెప్పుడూ చూడలేదు సార్," అందావిడ, వంగి చూస్తూ. "మీరేం చేస్తుంటారు?"

"లిఫ్టులు."

మూడోదాన్ని కూడా అలాగే తగిలించాడు. అది అటూ ఇటూ తిరగడానికి రెండు స్క్రూలున్నాయి. ఒకటి నెడితే ఇంకోటి ఎదురు ఆపుతుంది. రెండూ బిగిస్తే ఇంక గోడలో పాతినట్టే. కళ్ళు మూసుకుని వేలితో పీట అంచుని తట్టాడు. దబ్ అని ఒక్క మొద్దు చప్పుడు, అంతే, దాని వెనక ఇంకేమీ లేదు. పది నిమిషాలు గడిచాయి. గీత గీత దగ్గరే ఉంది. మెడ వెనక ఏదో వెచ్చగా పాకినట్టయింది. పోయిన నెల నుంచి అతనికి ఏదన్నా తెలియడం అదే మొదలు. వెంటనే పోయింది కూడా.

ఫోన్ చేశాడు.

"ఏదిరా?" అంది అక్క. వెనక మిషన్ గురగుర వినిపిస్తోంది.

"మూడోది. కదలదు."

"బరువెంత?"

అతను పీటని చేత్తో ఎత్తి చూశాడు. "కిలోన్నర ఉంటుంది."

"తేలికది తీసుకో. డాబా ఎక్కాలి. నీ మోకాలు..."

"తేలికది జారుతోందక్కా."

"లిఫ్టాయన ఇంటికి..." అని ఆగి, ఊపిరి తీసుకుని, "లిఫ్టు లేకపాయె," అంది. ఆ మేడలోకి వచ్చిన రోజునుంచీ ఉన్న హాస్యం అది. ఇద్దరూ నవ్వలేదు, నవ్వాల్సినంతసేపు ఊరుకున్నారు. "సరే, నీ ఇష్టం. దాంతోపాటు స్క్రూలు తిప్పడానికి చిన్న ఆలెన్ కీ ఇస్తారు. డబ్బాలో ఉందో లేదో చూసుకో, మర్చిపోకు."

"సరే అక్కా."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని డబ్బా ఒళ్ళో పెట్టుకున్నాడు. రోడ్డు తవ్వి ఉండడం వల్ల బస్సు చుట్టు తిరిగి వెళ్ళింది. ఇంజను చప్పుడు, హారన్లు, ముందు సీట్లో ఎవరో అల్లుడి మీద ఆపకుండా చాడీలు చెప్తున్నారు. డబ్బా కిందున్న తొడ తిమ్మిరెక్కింది. జరపలేదు.

మేడ కింద కుట్టు మిషన్ సూది కింద సగం కుట్టిన చొక్కా చేయి అలాగే ఉంది. కుర్చీ ఖాళీగా ఉంది. అతను రెండు అంతస్తులు ఎక్కి, మోకాలు సరిచేసుకుని, మూడోది ఎక్కాడు. బట్టలు కుట్టే ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. మెడలో కొలత టేపు.

"అన్నయ్యా," అంది. "మంచినీళ్ళు అడిగారు. గ్లాసు కడిగి తెచ్చేలోపల... అరగంటయింది. మీకు మూడుసార్లు చేశాను."

అతను ఫోన్ తీసి చూశాడు. మూడుసార్లు చేసినట్టే ఉంది. బస్సులో వినపడలేదు.

లోపల మిషన్ ఇంకా నడుస్తోంది. "దాన్ని ఎలా ఆపాలో నాకు తెలీలేదు అన్నయ్యా," అంది ఆమె వెనకనుంచి. అతను వెళ్ళి ఆపాడు. అక్క గోడవైపు కొద్దిగా ఒరిగి ఉంది. కళ్ళు బట్టలు కుట్టే ఆమే మూసినట్టుంది. ముక్కు దగ్గర గొట్టం ఆనిన చోట రెండు ఎర్రటి చారలు. గొట్టం తీసి, చుట్ట చుట్టి, మిషన్ మీద పెట్టాడు. మంచం పట్టె మీద కూర్చున్నాడు. ఏడవాలి కాబోలు అనుకున్నాడు. చూశాడు. రాలేదు.

డబ్బా ఇంకా చేతిలోనే ఉంది. మూత తెరిచాడు. వెడ్జి కింద అట్ట ఎత్తి, ప్లాస్టిక్ సంచి చింపాడు.

"ఉందక్కా," అన్నాడు, ఆలెన్ కీ పైకెత్తి చూపిస్తూ.

బట్టలు కుట్టే ఆమె గుమ్మంలోంచి వరండాలోకి వెళ్ళిపోయింది.

తర్వాత మనుషులు వచ్చారు. ఆస్పత్రిలో అక్కతో పనిచేసిన ఇద్దరు వచ్చారు. సూపర్‌వైజరు వచ్చి భుజం మీద చెయ్యి వేసి, ఏం మాట్లాడాలో తెలియక, కింద గేటు కీచుమంటోందే అన్నాడు. "కింది మడతబందు," అన్నాడు అతను. ఎవరో కాగితాల సంగతి చూశారు. పొద్దున్నే తీసుకెళ్దామని అనుకున్నారు. బల్ల మీదున్న వెడ్జి డబ్బా మీద ఎవరో టీ గ్లాసు పెట్టారు. దాన్ని తియ్యాలనిపించలేదు.

కూర్చోడానికి కుర్చీలు చాలక, డాబా మీద రెండున్నాయని గుర్తొచ్చి తనే ఎక్కాడు. ఇంకా వెలుతురుంది. ఆరేసిన దుప్పట్లు ఎండకి బిర్రబిగుసుకున్నాయి. రెండు కుర్చీలూ ఒకదానిలో ఒకటి పెట్టి ఎత్తబోతూ కిందికి చూశాడు. ఉత్తరం తప్పిపోకుండా ట్రైపాడ్ మూడు కాళ్ళూ ప్రతిసారీ ఒకేచోట ఆనడానికి అక్క డాబా నేలకి మూడు సీసా మూతలు వెల్లకిలా సిమెంటుతో అతికించింది. రెండు మంచినూనె సీసాలవి. మూడోది ఆమె దగ్గుమందుది, లోపల గీతలున్న చిన్న ప్లాస్టిక్ మూత. అందులో అయిదు మిల్లీలీటర్ల గీత దాకా వాననీళ్ళు ఉన్నాయి.