తన్మయి ఫోన్లో టిబిలిసి

ఈద్ సెలవులకు ఎక్కడికెళ్ళాలన్నా ఇన్నాళ్ళూ కామాక్షి మాటే మాట. ఏ హోటలు, ఏ బస్సు, ఏ పచ్చడి ఎంత పట్టుకెళ్ళాలి, అన్నీ ఆవిడే చూసేది. మొగుడు మహీధర్ బ్యాగులు మోసేవాడు, అంతే. దుబాయ్‌లో ఆ చివరున్న జెబెల్ అలీ ఆఫీసుకు పొద్దున్నే వెళ్తే చీకటి పడ్డాకే అల్ కుసైస్‌లోని ఇల్లు చేరే మనిషి. ఏడాదికోసారి ఆ సెలవుల్లోనే ఆవిడకు పూర్తిగా దొరికేవాడు.

ఈసారి ఎదురు ఫ్లాట్లోకి కొత్తగా దిగిన తన్మయి, రెండు జంటలమూ జార్జియాలోని టిబిలిసి వెళ్దామంది. అక్కడితో ఆగిందా! టికెట్లు కూడా తనే తీసి, ఓ సాయంత్రం ఫోన్ తెచ్చి మహీధర్ ముందు పెట్టింది.

"గిది చూడన్నా. ఊరి మ్యాప్ డౌన్‌లోడ్ చేసి పెట్టిన, నెట్ లేకున్నా నడుస్తది. ట్యాక్సీకి ఈ యాప్. వాళ్ళ బోర్డులు మనకు చదవరావు గదా, కెమెరా పెడితే ఇంగ్లీషులకు మారుస్తది."

"అబ్బ! కామాక్షీ, ఇలా వచ్చి చూడు. ఇక నువ్వు హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు."

కామాక్షికి ఒళ్ళు మండిపోయింది. ఏడేళ్ళు తను చాకిరీ చేస్తే ఒక్కసారైనా 'అబ్బ' అన్నాడా ఈ మనిషి?

మూతి ముడుచుకుని ఫోన్లో ప్లాను చూసింది. తిరుగు ప్రయాణం బుధవారం రాత్రి. రంజాన్ ఉపవాసాలు ముప్పై అవుతాయని తన్మయి లెక్కేసుకుంది. ఇరవై తొమ్మిదో రోజే నెలవంక కనిపిస్తే పండగ ఒక రోజు ముందుకు జరిగి, సెలవులు మంగళవారంతోనే అయిపోయి, బుధవారం డ్యూటీ పడుతుంది. అందుకే ఏటా కామాక్షి మొగుడి చేత ఓ రోజు లీవు దాచిపెట్టించేది. ఈ ఏడు ఆయన లీవులన్నీ అయిపోయాయి. మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. పిల్ల తెలివి ఏపాటిదో ఆయనకూ తెలియాలి!

శనివారం సాయంత్రం నెలవంక కనిపించింది. తెల్లారితే ప్రయాణం. మహీధర్ ఆఫీసులో ముదీర్‌కు, అదే మేనేజరుకు, ఫోన్ చేసి బతిమాలాడు. బుధవారం రావలసిందే, ఖలాస్ అన్నాడట ఆయన. ముందు రోజు తిరుగు విమానాల్లో ఒక్క సీటూ లేదు. తన్మయి మొగుడికైతే లీవు దొరికింది.

తన్మయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "తప్పు నాదే అక్కా. నిన్నొక్క మాట అడగాల్సుండె."

ఈ మాట కోసమే కామాక్షి కాచుకుని కూర్చుంది. తీరా విన్నాక తల ఎత్తలేకపోయింది.

"ఏటా నెలవంక సంగతి నువ్వే కదా చెప్పేదానివి. ఈసారి మర్చిపోయావా?" అన్నాడు మహీధర్.

"మర్చిపోయాను."

"పోన్లే. టికెట్టెందుకు దండగ, వాళ్ళతో నువ్వెళ్ళిరా."

ఆవిడ ఫోన్ తీసుకుని సోఫాలో కూర్చున్నాడు. మ్యాప్, ట్యాక్సీ, బోర్డులు చదివేది, ఒక్కొక్కటే ఓపిగ్గా ఎక్కించాడు.

"ఇదిగో, అన్నీ ఉన్నాయి. ఇక పక్కన నేను లేకపోయినా నీకే ఇబ్బందీ ఉండదు," అంటూ ఫోన్ ఆవిడ చేతిలో పెట్టాడు.