వియ్యంకుడి ఎగిరే ఫోటో

...అది కాదు మనవరాలా, ముందు మీ చిన్నతాత వియ్యంకుడి సంగతి రాయి. పిట్టలు ఎక్కడికీ పోవు, ఆయనే ఆగడు.

పడవ మీ చిన్నతాతది. ఊరంతా అతన్ని సరంగు అంటుంది. సముద్రం మధ్యనున్న గుట్ట దగ్గరికి జనాన్ని తీసుకెళ్ళి, అక్కడ గుడ్లు పొదిగే తెల్లపిట్టల్ని చూపించి తీసుకురావడం అతని పని. మోకాళ్ళు అరిగిపోయాయి. ఇక చుక్కాని అల్లుడికి అప్పగించి ఒడ్డున కాళ్ళు చాపుకోవాలని అతని కోరిక. అల్లుడికీ అదే ఇష్టం. అడ్డమల్లా అల్లుడి తండ్రి. ఆఫీసులో ముప్పై మూడేళ్ళు సూపరింటెండెంటుగా చేసి దిగిన మనిషి.

"మావాడు గుమాస్తా ఉద్యోగం వదిలి పిట్టలకి కాపలా కాస్తాడా? ఒకసారి చూసి చెబుతా" అన్నాడు.

అందుకే ఆయన్ని పడవెక్కించి గుట్టకి తీసుకెళ్ళిన రోజు సరంగు పంచప్రాణాలూ వియ్యంకుడి మొహం మీదే పెట్టుకున్నాడు. ఆయన దుర్భిణీ తిరగేసి పట్టుకుని, "చాలా దూరంలో ఉన్నాయే!" అంటే, "అవునండి, దూరమే" అని తలూపాడు.

గుట్ట ఇంకా కాస్త దూరముండగానే అల్లుడు ఇంజను ఆపాడు. సరంగు తెడ్లు అందుకున్నాడు.

"చెడిపోయిందా? నేను అనుకుంటూనే ఉన్నా."

"చెడిపోలేదు బావగారూ. చప్పుడికి పిట్టలు అదిరిపోతాయి. అందుకని ఇక్కణ్ణించి తెడ్లే."

దగ్గరికెళ్ళాక చూస్తే, గుట్ట అంచుల మీద పిట్టలు భుజం భుజం రాసుకుంటూ కూర్చున్నాయి. గూడు లేదు, పుల్ల లేదు. ఉత్త బండ మీద గుడ్డు, గుడ్డు మీద పిట్ట.

"ఒక్కటీ ఎగరదేం? పొద్దస్తమానం ఇలా కూర్చోవడమేనా?"

"కూర్చోవడమే వాటి ఉద్యోగమండీ."

అనేశాక సరంగు నాలుక కరుచుకున్నాడు. ముప్పై మూడేళ్ళు కుర్చీ దిగని మనిషికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

"నాకు ఎగిరే ఫోటో కావాలి. వీధిలో అందరికీ చెప్పి వచ్చాను. ఆ హారన్ కొట్టు బావా!"

"కొడితే అన్నీ ఒక్కసారే లేస్తాయి బావగారూ. గుడ్లు దొర్లి నీళ్ళలో పడతాయి."

"నాలుగు గుడ్లు పోతే కొంపలు మునుగుతాయా? నా కొడుకు సంగతి తేలాలా, వద్దా?" అంటూ వియ్యంకుడు లేచి నిలబడ్డాడు.

ఉన్నమాట చెప్పాలి. సరంగు చెయ్యి హారన్ బొత్తాం మీదికి వెళ్ళింది. ఇరవై ఏళ్ళుగా ఆ పిట్టల ముందు ఎవడినీ గట్టిగా దగ్గనివ్వని మనిషి!

అల్లుడు వంగి, హారన్ తీగ ఊడబీకి జేబులో పెట్టుకున్నాడు.

"నాన్నా, కూర్చోండి. పడవలో నిలబడకూడదు."

"నాకే చెబుతావురా?"

"చుక్కాని నా చేతిలో ఉంది. మామయ్య లేచినా ఇదే చెబుతా."

వియ్యంకుడు కూర్చున్నాడు. సరంగు చెయ్యి వెనక్కి తీసుకుని, తల వంచుకుని తెడ్డు వేశాడు. పిట్ట ఒక్కటీ లేవలేదు.

 ఒడ్డు చేరి వీధిలోకెళ్ళాక పెద్దమనిషి, "మా బావ హారన్ కొట్టబోతుంటే నేనే ఆపాను, పాపం మూగజీవాలు కదా!" అని ఇంటింటికీ చెప్పాడు. సోమవారం పొద్దున అల్లుడు ఆఫీసుకెళ్ళి రాజీనామా ఇచ్చొచ్చాడు. తండ్రిని అడగలేదు. మామనీ అడగలేదు.

అంతా రాశావా? చిన్నతాత చెయ్యి హారన్ మీదికి వెళ్ళిన ముక్క కొట్టెయ్యకు, ఉండనీ. ఆదివారం ఆ వియ్యంకుడు చిన్నతాత వాళ్ళింటికి వస్తున్నాడట. ఈ కాగితం చేతికిస్తే కళ్ళజోడు తేలేదంటాడు. నువ్వే ఎదురుగా కూర్చుని, నింపాదిగా, అందరికీ వినబడేలా ఆయనకి చదివి వినిపించు.