విరిగిన సూదుల పుస్తకం

బేస్‌మెంట్ గుమ్మం దగ్గర సువార్తమ్మ బూట్లు విప్పి, మేజోళ్ళు చుట్టి వాటిలో దోపి, రోజూ పెట్టే చోటే గోడవారగా పెట్టింది. ఒట్టి కాళ్ళతో సిమెంటు నేల మీద నడిచి వెళ్ళి తన మిషన్ ముందు కూర్చుంది. అది కాలితో తొక్కే పాత మిషన్. తెనాలిలో పన్నెండో ఏట కుట్టు నేర్చుకున్న నాటి నుంచి ఆమె ఒట్టి కాళ్ళతోనే తొక్కింది. ఇప్పుడు యాభై ఎనిమిదేళ్ళు. అమెరికా వచ్చినంత మాత్రాన పాదాలకి కొత్త అలవాట్లు ఎక్కడి నుంచి వస్తాయి?

కూతురు వసంతకుమారి ఆసుపత్రిలో నర్సు. "షుగర్ ఉన్నవాళ్ళు బేర్‌ఫుట్ తిరక్కూడదమ్మా" అని వారానికోసారి చెప్పేది. సువార్తమ్మ వారానికోసారి తలూపేది. నాలుగేళ్ళుగా నేల తనకి దూది తొక్కినట్టుగా ఉంటోందన్న సంగతి మాత్రం కూతురితో అనలేదు. అంటే ఇక బేస్‌మెంట్‌కి పంపదని భయం.

అది 1983 సెప్టెంబరు, శుక్రవారం. ఐసెలిన్ ఊళ్ళో ఒక అమెరికన్ చర్చి కింద ఉన్న ఈ గదిలో తయారయ్యే చెప్పులన్నీ జాంబియాలో కలుంబి అనే పల్లెకి వెళతాయి. అక్కడ కుష్ఠు వచ్చి తగ్గినవాళ్ళు చాలామంది ఉన్నారు. మందులతో రోగం పోయింది గాని పాదాలకి స్పర్శ తిరిగి రాలేదు. ముల్లు దిగినా, నిప్పు తొక్కినా తెలియని పాదాలు. అందుకే వాళ్ళ చెప్పుల్లో ఒక్క మేకు కూడా ఉండదు. అడుగున మెత్తటి రబ్బరు, పైన లోపలివైపు గుడ్డ వేసి కుట్టిన పట్టీలు, అంతే. అక్కడి నర్సు ఒక్కొక్కరి పాదం కాగితం మీద పెట్టించి, చుట్టూ పెన్సిల్‌తో గీసి, పేరు రాసి పోస్టులో పంపుతుంది. సువార్తమ్మకి ఆ మనుషుల ముఖాలు తెలియవు, పాదాలు తెలుసు. బ్వాల్యాకి ఎడమ బొటనవేలు లేదు. ములెంగాకి కుడిపాదం సగమే ఉంది. చాండా పాదం మరీ చిన్నది, పదేళ్ళు కూడా ఉండవు ఆ పిల్లకి. చాండా జత ఒక్కటీ ఎర్రదారంతో కుట్టింది. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఇరవైరెండు జతలు మూడు గంటలకి ట్రక్కులో రేవుకి వెళ్ళాలి. ఇవాళ తప్పితే మళ్ళీ ఓడ ఫిబ్రవరిలో. అక్కడేమో నవంబరులో వానలు మొదలవుతాయి, వాళ్ళంతా విత్తనాలకి పొలాల్లో దిగుతారు. చెప్పులు ఆలోగా చేరాలి.

తొమ్మిదిన్నరకి, ఆఖరుగా మిగిలిన బ్వాల్యా జత పట్టీ మీద సూది విరిగింది.

టక్కుమని చప్పుడైంది, ఆమె కాళ్ళు ఆగిపోయాయి. సూది మొదలు మిషన్‌లోనే ఉంది. మొన లేదు. అర అంగుళం ముక్క. ఆమె పట్టీ చూసింది, ఒడి దులిపింది, పక్కనున్న బుట్ట వంక చూసింది. ఇన్నాళ్ళుగా కుట్టిన జతలన్నీ మూత లేని ఆ బుట్టలో ఉన్నాయి. మొన వాటిలో దేంట్లోనైనా పడి ఉండొచ్చు.

"తమ్ముడూ, సూది విరిగింది" అని పిలిచింది.

పెట్టెలు కట్టే దైవాశీర్వాదం వచ్చాడు. గుంటూరు వాడు, నలభై దాటాయి. సాయంత్రం ఫ్యాక్టరీలో షిఫ్టు, పగలు ఇక్కడ జీతం లేని పని. ఇద్దరిదీ ఆదివారాలు హాలు అద్దెకి తీసుకుని నడిపే తెలుగు చర్చి.

"ఫ్లోర్ మీదే ఎక్కడో పడుంటుందక్కా. మ్యాగ్నెట్ పెట్టి చూస్తా" అన్నాడు.

అయస్కాంతం నేలంతా తిప్పాడు. మిషన్ కింద, పెడల్ మీద, బుట్ట చుట్టూ చూశాడు. రెండు గుండుసూదులు, ఒక స్క్రూ దొరికాయి. మొన దొరకలేదు.

"ఏ మూలకో పోయింది. ప్యాక్ చేసేద్దామక్కా, టైం లేదు."

"ఆ బుట్ట ఇటు జరుపు."

"ఇరవైరెండు జతలు."

"లెక్క నాకూ వచ్చు తమ్ముడూ. ఇటు జరుపు."

గుడ్డ పొర లోపలున్నదాన్ని లాగే సత్తువ ఆ చిన్న అయస్కాంతానికి లేదు. ఆమె మొదటి జత తీసి, బ్లేడుతో పట్టీ కుట్లు విప్పి, లోపలి గుడ్డ పైకి లేపింది. కుట్టి కుట్టి వేళ్ళు మొద్దుబారాయని ఆమెకి తెలుసు. అందుకని ముంజేతి లోపలివైపు మెత్తటి చోట గుడ్డనంతా అద్ది అద్ది చూసింది. ఏమీ గుచ్చుకోలేదు. మళ్ళీ కుట్టి పక్కన పెట్టి రెండో జత తీసింది. దైవాశీర్వాదానికి చిరాకేసింది.

"అన్నీ ఇలా ఓపెన్ చేస్తే ట్రక్ మిస్సవుతాం. అంత చిన్న ముక్క, వాళ్ళకి గుచ్చుకుంటే తీసి పారేస్తారు గదా."

"గుచ్చుకున్నట్టు వాళ్ళకి తెలిస్తే గదా తీయడానికి."

ఆమె ఫ్లాస్కులోంచి కాఫీ కప్పులో పోసి ఇచ్చింది. అతను కప్పు అందుకున్నాక, తల ఎత్తకుండా చెప్పింది.

"మా నాన్నకి ఉండేదా జబ్బు. చెప్పులో మేకు పైకి తేలితే, తెలీక సంత నుంచి నాలుగు మైళ్ళు నడిచొచ్చాడు. వాకిట్లో మా అమ్మ నెత్తురు అడుగులు చూసి కేక పెట్టింది. మా నాన్న నేల వంక చూసి, ఎవరిదే ఆ నెత్తురు, అని అడిగాడు. నెల తిరక్కుండా పోయాడు."

ఈ సంగతి ఆమె ఈ దేశంలో ఎవరికీ చెప్పలేదు. వీసా ఆఫీసులో చెప్పలేదు, చర్చిలో చెప్పలేదు, అల్లుడికి అసలే తెలియదు. చెప్పాక సిగ్గుతో చెవులు వేడెక్కాయి. దైవాశీర్వాదం చేతిలో కప్పు గాలిలో ఆగింది. తాగుతాడో లేదోనని ఆమె కనిపెడుతూనే ఉంది. అతను కప్పు పెదాలకి ఆనించి, కాఫీ మొత్తం తాగి, కప్పు కింద పెట్టాడు.

"ఇంకో బ్లేడుందా అక్కా?" అన్నాడు.

అక్కడి నుంచి అతను విప్పడం, ఆమె ముంజేతితో చూసి కుట్టడం. పన్నెండయ్యేసరికి ఎనిమిది జతలు. ఆమె టిఫిన్ డబ్బా మూత తీయలేదు. ఒకటిన్నరకి పద్నాలుగు. గడియారం చూసినప్పుడల్లా ఆమె కాళ్ళు ఇంకా వేగంగా తొక్కేవి. పెడల్ మీద నల్లగా తడి కనిపించింది. నూనె కారుతోందనుకుని గుడ్డపీలికతో ఒకసారి తుడిచింది. పావు తక్కువ మూడుకి బయట ట్రక్కు హారన్ మోగింది.

"టెన్ మినిట్స్ ఆపుతా" అంటూ దైవాశీర్వాదం మెట్లెక్కి పరిగెత్తాడు.

చివరికి చాండా జత మిగిలింది. ఇంక తెల్లదారంతో కానిచ్చినా ఎవరూ ఏమీ అనరు. ఆమె దారపు రీలు మార్చి ఎర్రదారమే ఎక్కించింది. సూది కన్నంలోకి దారం మూడోసారికి గాని దూరలేదు. కుట్టు ముగించి జత అతని చేతిలో పెట్టింది. పెట్టె మూత పడింది, ట్రక్కు కదిలింది.

గూట్లో విరిగిన సూదుల పుస్తకం ఉంది. సూది విరిగితే ముక్కలన్నీ ఏరి, తేదీ వేసి, అందులో టేపుతో అంటించాలని అక్కడి నియమం. సువార్తమ్మ మొదలు ముక్క అంటించింది. పక్కన కాస్త చోటు వదిలి, 'మొన దొరకలేదు' అని రాసింది.

"వాటిలో లేదక్కా. మనిద్దరం చూశాం గదా" అన్నాడు దైవాశీర్వాదం.

"గుడ్డలో లేదు. రబ్బరులోకి దిగుంటే?"

ఆమె మేజోళ్ళు, బూట్లు తొడుక్కుని ఇంటికి వెళ్ళింది.

ఆ దిగులు ఆమెని వదలలేదు. శనివారం వంటలో ఉప్పు రెండుసార్లు వేసింది. ఆదివారం ప్రార్థనలో తన కోసం, కూతురి కోసం ఏమీ అడగలేదు. ఆ ముక్క కలుంబి చేరకూడదని మాత్రం అడిగింది. బుధవారం చలిజ్వరం వచ్చింది. వసంతకుమారి తల్లి మేజోళ్ళు విప్పబోతే కుడి మేజోడు మడమకి అతుక్కుని రాలేదు. లోపల మడమ నల్లబడి ఉంది.

ఆసుపత్రిలో డాక్టర్ కోసి తీసిన ముక్కని చిన్న సీసాలో వేసి చూపించాడు. అర అంగుళం సూదిమొన. విరిగిన క్షణంలో ఎగిరి పెడల్ మీద, ఆమె మడమ కింద పడి గుచ్చుకుంది. ఆ రోజంతా ఆమె ఇరవైరెండు జతలకీ తొక్కిన తొక్కుడుకి లోలోపలికి దిగిపోయింది.

"నీకు తెలీలేదా అమ్మా?" అంది వసంతకుమారి. నర్సయి ఉండీ తల్లి పాదాలు ఒక్కనాడు తిప్పి చూడనందుకు ఆమెకి తన మీద తనకే కోపంగా ఉంది.

"తెలీలేదే" అంది సువార్తమ్మ. సీసా వెలుతురుకి ఎత్తి చూసింది. జ్వరంతో ఎండిన ఆమె ముఖంలోకి సంతోషం వచ్చింది. "హమ్మయ్య. నా దగ్గరే ఉందన్నమాట. దైవాశీర్వాదానికి ఫోన్ చేసి చెప్పు, దొరికిందని. పాపం ఆయన కూడా దిగులుపడుతుంటాడు."

విషం పైకి పాకుతోంది, శనివారం మోకాలి కింద కాలు తీసేస్తామన్నారు. ఆ ముందురోజు, శుక్రవారం మధ్యాహ్నం, వసంతకుమారి కాగితాల మీద సంతకం పెట్టి వచ్చేలోపు, ఆమె నిద్రలోనే వెళ్ళిపోయింది.

సోమవారం దైవాశీర్వాదం వసంతకుమారిని అడిగి ఆ సీసా తెచ్చి గూట్లోంచి పుస్తకం తీశాడు. మొనని ఆమె వదిలిన చోట పెట్టి, టేపు వేసి, వేలితో నొక్కాడు. 'మొన దొరకలేదు' అన్న మాట కొట్టేద్దామని పెన్ను తీశాడు గాని, ఆమె రాత మీద గీత పెట్టబుద్ధి కాలేదు. టేపు కింద రెండు ముక్కలూ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి, కలిపి చూస్తే ఒక సూది పొడవు.